చుట్టుకొలత తప్పని చిన్న చక్రం

విజయవాడ ఆటోనగర్‌లో ఒక టైర్ల షాపు. ముందు సిమెంటు నేల. మేస్త్రి నా కారు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు నేలను తాకేచోటికి సరిగ్గా దిగేలా సుద్దతో ఒక గీత గీశారు. అదే గీతను నేలమీదికి లాగారు. "న్యూట్రల్‌లో పెట్టండి బాబూ, స్టీరింగు కదపొద్దు" అన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు వెనకనుంచి తోశారు. చక్రం ఒక్క చుట్టు తిరిగి టైరుమీది గీత మళ్ళీ నేలకు దిగేసరికి చెయ్యెత్తి ఆపి, అక్కడ రెండో గీత గీశారు. రెంటి నడుమా టేపు పరిచి చూసి, షట్టరు మీద సుద్దతోనే రాసుకున్నారు: 2122.

నా కారు చక్రం ఒక చుట్టులో నడిచే దూరం అది, మిల్లీమీటర్లలో. "ఇప్పుడు స్టెప్నీ వెతుకుదాం" అని లేచారు.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి నాది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డిక్కీ చాప ఎత్తి చూస్తే స్టెప్నీ గుంత ఖాళీ. అందులో ఎప్పుడో స్పీకరు పెట్టె బిగించి తీసేసిన స్క్రూ రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఆ గుంత లోతుకు మామూలు చక్రం పట్టదు. పట్టేది సన్నది, స్పేస్ సేవర్ అనే రకం. బోల్టుల రంధ్రాలు సరిపోయే సన్న చక్రం ఒకటి దొరికితే చాలు, అరగంట పని అనుకుని వెళ్ళాను. సాయంత్రం షట్టరు దించేదాకా అక్కడే ఉన్నాను. ఆ చిన్న చక్రాన్ని చేసినవాళ్ళ పనితనం ఎంతటిదో, దాన్ని ఏరి తగిన బండికి తగిలించే పనితనం ఎంతటిదో ఆ ఒక్క పూటలో చూశాను.

ముందు ఆ మాట సంగతి. లారీ క్లీనరు మొదలు కలెక్టరు డ్రైవరు దాకా మన దగ్గర అందరూ స్టెప్నీ అనే అంటారు. అది ఒక వీధి పేరు. వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉంది. 1904లో అక్కడ థామస్ మోరిస్ డేవీస్, వాల్టర్ డేవీస్ అనే అన్నదమ్ములు ఒక విడి చక్రం తయారుచేశారు. అప్పటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పంచరైతే రోడ్డు పక్కన కూర్చుని అక్కడే ఊడదీసి అతుకు వేసుకోవాల్సిందే. వీళ్ళు ఆకులూ కుండా లేని ఒట్టి ఇనప వలయానికి గాలి నింపిన టైరు ఎక్కించి, దాన్ని పంచరైన చక్రం పక్కనే బిగించే ఏర్పాటు చేశారు. పాత చక్రం ఊడదీయనక్కరలేదు. అంటే మొట్టమొదటి స్టెప్నీయే తాత్కాలికమైనది, ఇల్లు చేరేదాకా తోడు వచ్చేది. మామూలు చక్రాన్ని అచ్చంగా పోలిన అయిదో చక్రం ఆ తరవాతి సంగతి. 1967లో అమెరికాలో పాంటియాక్ ఫైర్‌బర్డ్ కారుతోపాటు బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ ముడుచుకునే టైరు ఒకటి ఇచ్చింది. అవసరం పడ్డప్పుడు డబ్బాలోని వాయువుతో ఊదుకునేది. స్పేస్ సేవర్ అన్న పేరు దానిదే. ఈనాటి సన్న చక్రాలు ఆ పేరును తమ మీద వేసుకున్నాయి.

మేస్త్రి కుర్రాణ్ణి పంపి, పాత బండ్లు విప్పే చోటునుంచి మూడు సన్న చక్రాలు తెప్పించారు. ఒకదాన్ని నా ముందు నిలబెట్టి, టైరు పక్కన అచ్చుగుద్దినది చదవమన్నారు. 'టి 165/80 డి 17 104 ఎం'. 'టి' అంటే తాత్కాలిక వాడకానికి. 165 వెడల్పు. పక్క ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. 'డి' అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా పరిచినవి. రేడియల్ అయితే అక్కడ 'ఆర్' ఉంటుంది. 17 అంగుళాల రిమ్ము. 104 అన్నది బరువు సంకేతం, 900 కిలోలు మోయగలదని. 'ఎం' వేగానిది, గంటకు 130 కిలోమీటర్లు. అయినా డిస్కు మీద పచ్చ స్టిక్కరులో 80 అని వేరే ఉంటుంది. ఆ టైరు తనంత తానుగా 130 తట్టుకోగలదు గానీ, దాన్ని తగిలించుకున్న కారు ఆ వేగంలో మలుపునూ బ్రేకునూ తట్టుకోలేదు. స్టిక్కరు కారు కోసం.

నా కారుకున్న టైరు వెడల్పు 225. దాని బరువు సంకేతం 99, అంటే 775 కిలోలు. 165 వెడల్పు ఉన్న ఈ సన్నటిది దానికంటే ఎక్కువ మోస్తానంటోంది. ఎలా మోస్తుందని అడిగితే మేస్త్రి వాల్వు మూత తీసి గేజీ పెట్టి చూపించారు. గాలి దిగిపోయి ఉంది గానీ, నిండుగా ఉంటే అక్కడ 60 పి.ఎస్.ఐ. ఉండాలి. మనం బంకులో కారుకు పట్టించేది 33. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. చక్రం మీద 500 కిలోల బరువు పడితే, 33 దగ్గర ఆ టైరు సుమారు 215 చదరపు సెంటీమీటర్ల మేర నేలను పట్టుకోవాలి; 60 దగ్గర 120 లోపే చాలు. నేలమీద ఆనే చోటు సగానికి దగ్గరగా తగ్గిపోతుంది, అందుకే టైరు సన్నబడినా చెల్లుతుంది. సన్నబడ్డ టైరుకు 4 అంగుళాల వెడల్పు రిమ్ము చాలు. రిమ్ము సన్నబడితే ఇనుము తగ్గుతుంది. ఇరవై పాతిక కిలోలుండే చక్రం పదిహేనుకు అటూ ఇటూ వచ్చేస్తుంది. ఒక్క గాలి ఒత్తిడిని పెంచి, దానివల్ల తగ్గించగలిగినవన్నీ ఒకదాని వెంట ఒకటి తగ్గించుకుంటూ పోయారు. బటన్ల లోతు కూడా మామూలు టైరులో సగం ఉండదు. రోజూ తిరిగేది కాదు కాబట్టి అరిగేందుకు రబ్బరు ఎందుకని తీసేశారు.

ఆ డిస్కును పక్కనుంచి చూడండి. నడిమి భాగం పళ్ళెం బోర్లించినట్టు బయటికి ఉబ్బి ఉంటుంది. అందం కోసం చేసింది కాదు. రిమ్ము వెడల్పు సగమైనా, లోపల బ్రేకు కాలిపర్ మాత్రం అంతే లావు. దానికి చోటివ్వడానికి డిస్కు బయటికి వంగింది. ఆ వంపు ఎంతవరకు పోవచ్చో, బేరింగు మీద బరువు ఎక్కడ పడాలో చూసుకుని అక్కడే ఆపారు. దళసరి రేకును అచ్చులో నొక్కి తీసిన ఆ వంపు మీద చెయ్యి పెట్టి చూస్తే, ఎక్కడ బలం కావాలో అక్కడే ఇనుము మడత పడి ఉండటం వేళ్ళకు తెలుస్తుంది. ఎవరూ చూడని గుంతలో చాప కింద పడుండే వస్తువు మీద ఇంత ఆలోచన పెట్టినవాళ్ళంటే నాకు గౌరవం కలిగింది.

అయితే ఇంత తగ్గించినవాళ్ళు తగ్గించకూడనిది ఒకటుంది. అదే చుట్టుకొలత. నాలుగు చక్రాలూ లాగే బండికి స్టెప్నీ ఎంచడమంటే మొదటా చివరా అదే.

ముందు చక్రాలు మాత్రమే లాగే కారైతే వెనకాల చిన్న చక్రం తగిలించినా పెద్ద చిక్కు లేదు. అది కాస్త తొందరగా తిరుగుతూ వెంట వస్తుంది. నాలుగూ లాగే బండిలో అలా కాదు. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి అడుగు పొట్టిగా వేస్తే కాడి వంకర పోతుంది, మెడలు ఒరుసుకుపోతాయి. కారులో ఆ మెడ ఉన్నచోటు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ ఉండే జోడింపు. కొన్ని బండ్లలో అక్కడ మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. నాలాంటి వాళ్ళు నడిపే మధ్యరకం బండ్లలో ఎక్కువగా నూనెలో మునిగిన పలుచని క్లచ్ పళ్ళేలు ఉంటాయి. స్వీడన్‌వాళ్ళు తెచ్చిన హాల్డెక్స్ జోడింపు ఈ జాతిదే. ముందు చక్రాలు జారగానే పళ్ళేలు ఒకదానినొకటి అదుముకుని వెనక్కి బలం పంపిస్తాయి. జారడమంటే ఆ యంత్రానికి తెలిసిన అర్థం ఒక్కటే, ముందూ వెనకా వేగాల్లో తేడా. మట్టిలో జారినా, ఒక చక్రం పొట్టిదైనా దానికి ఒకేలా కనబడుతుంది.

లెక్క కట్టి చూద్దాం. నా టైరు 225/60 ఆర్ 17. పక్క ఎత్తు 135 మి.మీ., పైనా కిందా కలిపి 270. పదిహేడు అంగుళాల రిమ్ము 431.8. మొత్తం వ్యాసం 701.8, చుట్టుకొలత 2,205. కిలోమీటరు నడవడానికి దాదాపు 454 చుట్లు. కుర్రాడు తెచ్చిన వాటిలో ఒకటి టి 125/70 ఆర్ 17. అయిదు రంధ్రాలూ సరిపోతాయి, రిమ్మూ 17 అంగుళాలే, బిగిస్తే బిగుస్తుంది. దాని వ్యాసం 606.8, చుట్టుకొలత 1,906, కిలోమీటరుకు 525 చుట్లు. అవతలి చక్రం కంటే 71 ఎక్కువ. ఆ ఇరుసు డిఫరెన్షియల్ తేడాలో సగం తాను మింగుతుంది, మిగతా సగం, కిలోమీటరుకు 35 చుట్లు, నడిమి జోడింపు మీదికి పోతుంది. 80 కిలోమీటర్లు నడిస్తే 2,800 చుట్ల పైమాటే. అదంతా పళ్ళేలు ఒరుసుకుని తీర్చుకోవాల్సిన తేడా. నూనె కాగుతుంది, పళ్ళేల మీది పూత మాడుతుంది, ఇంకొంత దూరం పోతే దాని వెనకున్న గేర్లు. పంచరుకు పెట్టాల్సిన ఖర్చు ఎక్కడ, ఆ జోడింపు మార్చే ఖర్చు ఎక్కడ!

ఇప్పుడు టి 165/80 డి 17 సంగతి. వ్యాసం 695.8, చుట్టుకొలత 2,186. కిలోమీటరుకు దాదాపు నాలుగు చుట్ల తేడా, జోడింపు దాకా వచ్చేది రెండు. అదే 80 కిలోమీటర్లకు 160 లోపు. 2,800కూ 160కీ నడుమ ఉన్నదే ఎంపిక. షాపులో అడిగితే రెండూ '17 స్టెప్నీ' అన్న పేరుతోనే దొరుకుతాయి.

ఇది కాగితం మీది లెక్క. మేస్త్రి కాగితాన్ని కాదనరు గానీ దానితో ఆగరు. కారు బరువు మీద పడ్డాక టైరు కాస్త నలుగుతుంది. 33 గాలితో ఉన్నది ఎక్కువ, 60 గాలితో బిర్రుగా ఉన్నది తక్కువ. పైగా నా నాలుగు టైర్లూ కొత్తవి కావు, నాలుగేసి మిల్లీమీటర్లు అరిగినవి. అరుగుదల వల్ల వ్యాసం ఎనిమిది తగ్గుతుంది, చుట్టుకొలత పాతిక తగ్గుతుంది. అందుకని ఆ సన్న చక్రానికి గాలి నింపి, వెనక ఇరుసుకు బిగించి, కారును జాకీ మీదనుంచి దింపి, మళ్ళీ సుద్దగీత గీసి తోయించారు. 2134. కాగితం ప్రకారం 19 మిల్లీమీటర్లు తగ్గాల్సిన చక్రం నేలమీద 12 పెరిగింది! అదే నా సైజులోనే కొత్త టైరు తెచ్చి బిగించి ఉంటే పాతిక తేడా వచ్చేది. పెద్ద చక్రమే మంచిదన్న నమ్మకం ఆ సిమెంటు నేల మీద తేలిపోయింది. అరిగిన నాలుగింటి మధ్య కొత్త అయిదోది పరాయిది. తగిన సన్నది దానికంటే దగ్గరి చుట్టం.

సుబారు కంపెనీ తన బండ్లకు నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళం, అంటే ఆరున్నర మిల్లీమీటర్ల లోపే తేడా ఉండాలంటుంది. అంటే ఒక టైరు మరోదానికంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ అరిగితే గీత దగ్గరికి వచ్చేసినట్టే. అందుకే అమెరికాలో కొన్ని టైర్ల షాపులు కొత్త టైరు బటన్లను యంత్రం మీద చెక్కి, అరిగిన మిగతా మూడింటితో సమం చేసి ఇస్తాయి. ఆ లెక్కన నా 12 మిల్లీమీటర్లు కూడా కలకాలం తిరిగేందుకు పనికిరావు. వంద కిలోమీటర్లలోపు, నెమ్మదిగా, ఊరు చేరేందుకు పనికొస్తాయి.

సుద్దగీతలు చూస్తుంటే మా ఊళ్ళో బండి చక్రానికి ఇనప పట్టా వేసే రోజు గుర్తొచ్చింది. వడ్రంగి చేసిన కొయ్య చక్రం చుట్టూ తాడు పట్టి కొలిచి, పట్టాను దానికంటే పిసరంత పొట్టిగా వంచి అతికేవారు. పిడకల మంటలో అది ఎర్రబారి సాగితే పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద కూర్చోబెట్టి బిందెలతో నీళ్ళు పోసేవారు. సుయ్యిమంటూ బిగుసుకునేది. పొట్టితనం ఎక్కువైతే ఆకులు విరుగుతాయి, చాలకపోతే ఎండాకాలం దారిలో పట్టా జారిపోతుంది. ఆ పిసరంత ఎంతో కమ్మరి కంటికి తెలుసు. రెండు చక్రాలూ పక్కపక్కన దొర్లించి చూసి గానీ బండికి ఎక్కించేవారు కాదు. చుట్టుకొలతకు అంత మర్యాద ఇచ్చే పనివాణ్ణి మళ్ళీ ఆటోనగర్‌లోనే చూశాను.

కొలత కుదిరింది కదా అని నేను డబ్బు తీయబోతే మేస్త్రి ఆగమన్నారు. నిజానికి ఆ టైరు మొదట వచ్చిన డిస్కు వేరు, అది టొయోటా బండిది. దాని కథ కొలతకు ముందే నడిచింది. ఆసియా కార్లలో చాలావాటికి అయిదు బోల్టులు 114.3 మి.మీ. వలయం మీద ఉంటాయి. నాలుగున్నర అంగుళాలన్నమాట. అందుకే ఒకదాని చక్రం మరోదానికి పడుతుందని అనుకుంటాం. కానీ నడిమి రంధ్రం టొయోటాకు 60.1, హోండాకు 64.1, హ్యుందాయ్‌కి 67.1. నా హబ్బు 67.1. టొయోటా డిస్కు దాని మీదికి ఎక్కనే ఎక్కదు. ఎక్కకపోవడం మేలే. ప్రమాదం తిరగేసినప్పుడు. 60.1 హబ్బు మీద 67.1 డిస్కు హాయిగా ఎక్కుతుంది, నట్లూ బిగుస్తాయి, కానీ చక్రం నడిమికి కూర్చోదు. కారు 50 దాటగానే వణుకుతుంది. మేస్త్రి వెర్నియర్‌తో కొలిచి, కుప్పలోంచి 67.1 ఉన్న డిస్కు ఏరి, రెంటి రిమ్ము వెడల్పూ 4 అంగుళాలేనని చూసుకుని, టైరును దాని మీదికి మార్చారు. జర్మన్ బండ్లు నడిపేవాళ్ళకు మరో మెలిక ఉంది. వాటిలో ఎక్కువ 112 మీద ఉంటాయి; జర్మన్‌వి కాని జీప్ కంపాస్ లాంటివి 110 మీద. రెండు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు, బలవంతాన బిగిస్తే బోల్టు ఏటవాలుగా దిగుతుంది.

నన్ను ఆగమన్నాక మేస్త్రి నట్టు కూర్చునే గుంట చూశారు. కొన్నిటిది శంఖువులా వాలుగా ఉంటుంది, కొన్నిటిది గోళీ కూర్చున్నట్టు గుండ్రంగా. ఒకదాని నట్టు మరోదానిలో అంచు మీదే ఆనుతుంది. హబ్బులోకే బోల్టు దిగే బండ్లలో పొడుగు కూడా చూడాలి. అల్లాయ్ చక్రం మందానికి కోసిన బోల్టు పలుచని ఇనప డిస్కుకు వాడితే అవతల పొడుచుకుపోయి లోపలి భాగాలను గీకుతుంది. అలాంటి బండ్లతో కంపెనీలు స్టెప్నీకి విడిగా పొట్టి బోల్టులు ఇస్తాయి. పాత బండి కొన్నప్పుడు ఆ చిన్న సంచీ ఉందో లేదో అడిగి తీసుకోండి.

ఆ తరవాత చేసింది నాకు మరీ నచ్చింది. కారు ముందు బ్రేకు కాలిపర్ మీద వేలి కణుపంత లప్పం ముద్ద పెట్టి, సన్న చక్రం బిగించి, చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, విప్పి చూశారు. లప్పం మూడు మిల్లీమీటర్ల మందం మిగిలి ఉంది. అంటే డిస్కుకూ కాలిపర్‌కూ నడుమ అంత సందుంది. వెనకా అలాగే చూశారు. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి సస్పెన్షన్‌కు ఎక్కడా తగలడం లేదని చూశారు. "ముందు పట్టినా ముందు వెయ్యొద్దండీ. ముందు టైరు పోతే వెనకది తీసి ముందు వేసి, ఇది వెనక తగిలించండి. రెండుసార్లు జాకీ ఎక్కించాలి, నిజమే. బ్రేకూ మలుపూ ముందువే కదా" అన్నారు. వెనక ఇరుసులో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండి అయితే మాత్రం ఆ ఇరుసుకు సన్నది వెయ్యకూడదట. ఆ డిఫరెన్షియల్ లోపలా పళ్ళేలే ఉంటాయి.

థార్, జిమ్నీ లాంటి బండ్ల లెక్క వేరు. వాటిలో నడిమి డిఫరెన్షియల్ లేదు. మీట తోసినప్పుడు ముందూ వెనకా ఇనుముతో ఒకటవుతాయి. తారు రోడ్డు మీద వాటిని రెండు చక్రాల పద్ధతిలోనే నడపాలి, స్టెప్నీ ఉన్నప్పుడు మరీనూ. పాత ఆటోమేటిక్ సుబారుల్లో ఇంకో ముచ్చటైన ఏర్పాటు ఉంది. ఇంజను గదిలో ఒక ఖాళీ ఫ్యూజు గూడు ఉంటుంది. చిన్న స్టెప్నీ తగిలించిన రోజున అందులో ఒక ఫ్యూజు గుచ్చితే వెనక చక్రాలకు బలం ఆగి, బండి ముందు చక్రాలతోనే నడుస్తుంది. మంచు పడే రాష్ట్రాల్లో ఉంటూ పాత సుబారు నడిపే మనవాళ్ళు ఒకసారి బానెట్ ఎత్తి ఆ గూడు ఎక్కడుందో చూసిపెట్టుకోవాలి. చలిలో, చీకట్లో వెతకడం కష్టం.

ఈ చుట్టుకొలత చిక్కును అన్నిటికంటే అందంగా విప్పినది ముడుచుకునే స్టెప్నీ అని నా అభిప్రాయం. ఆడి క్యూ7, ఫోక్స్‌వ్యాగన్ టువారెగ్, పోర్షె కయెన్ ఈ మూడూ ఒకే వంశపు పెద్ద బండ్లు, నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందేవి. వాటి చక్రాలు ఎంత పెద్దవంటే చుట్టుకొలత సరిపోయే స్టెప్నీ డిక్కీ కింద పట్టదు, పట్టేది సరిపోదు. అందుకని వాటికి 195/75-18 సైజులో మడత టైరు ఇచ్చారు. గాలి లేనప్పుడు టైరు పక్కలు లోపలికి ముడుచుకుని రిమ్మును కరుచుకుని ఉంటాయి. చక్రాన్ని కారుకు బిగించి, కిందికి దించకముందే, కారుతో ఇచ్చిన చిన్న కంప్రెసరుతో గాలి కొడితే మడతలు ఒక్కొక్కటే విచ్చుకుని నిండు చక్రమవుతుంది. వ్యాసం దాదాపు 750 మి.మీ. క్యూ7కు వచ్చిన 235/60 ఆర్ 18 వ్యాసం 739, 275/45 ఆర్ 20 వ్యాసం 755. చూడండి, ఆ మడత టైరు సరిగ్గా వాటి నడుమ నిలబడింది. ఏ కొనుగోలుదారు ఏ రిమ్ము ఎంచుకున్నా ఈ ఒక్కటీ అందరికీ తోడు రావాలని ఎవరో కూర్చుని ఆ కొలత కట్టారు. అలాంటి బండి పాతది కొనేవాళ్ళు ఆ కంప్రెసరు ఉందో లేదో ముందే చూసుకోవాలి, అది లేకపోతే ఆ చక్రం ఉండీ లేనట్టే.

2020లో మన కేంద్ర మోటారు వాహనాల నియమాలు మారాయి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చెప్పే సెన్సార్లు, పంచరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. మేకు దిగిన పంచరుకు కిట్టు చాలు. గుంతలో పడి పక్క చీలిన టైరుకు ఏ జిగురూ పనిచేయదు, మన రోడ్ల మీద అది అరుదూ కాదు. నేనైతే గుంత ఉన్న బండిలో స్టెప్నీ లేకుండా ఘాట్ ఎక్కను.

చివరికి మేస్త్రి టైరు పక్కన చిన్న గడిలో ఉన్న నాలుగంకెలు చూపించారు. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. కుర్రాడు తెచ్చిన మూడో చక్రం కొలతకు బాగానే వచ్చేది, బటన్లు కొత్తవాటిలా ఉన్నాయి, కానీ పదేళ్ళు దాటింది. పక్కన వేలితో నొక్కి చూపిస్తే సన్నటి బీటలు విచ్చుకున్నాయి. 60 గాలికి అది నిలవదని పక్కన పడేశారు. నాకిచ్చినదాని డిస్కు లోపల తెల్ల పెయింటుతో 2134 అని రాశారు, కింద 60 అని. "నెలకోసారి ఇంత గాలి ఉందో లేదో చూపించుకోండి. బంకులో కుర్రాళ్ళు అరవై అంటే కొట్టరు, భయపడతారు. ఈ అంకె చూపించండి" అన్నారు.

ఆ ఏడు చలికాలంలో శ్రీశైలం ఘాట్ దిగి దోర్నాల దాటాక ముందు ఎడమ టైరు రాయి కోసుకుని చీలింది. పొద్దు వాలుతోంది. మేస్త్రి చెప్పినట్టే వెనకది ముందుకు మార్చి, సన్నది వెనక వేసి, అరవైకి మించకుండా మార్కాపురం చేరాను. డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి దీపం మాత్రం వెలిగింది, సన్నదానికి సెన్సారు ఉండదు కాబట్టి. జోడింపుకు సంబంధించిన దీపం ఒక్కసారైనా వెలగలేదు. మార్కాపురంలో టైర్ల షాపు కుర్రాడు సన్న చక్రం విప్పుతూ లోపల రాసిన అంకె చూసి, "ఇదేం నంబరన్నా, బండిదా?" అని అడిగాడు. సుద్దముక్క ఉందా అని అడిగి తీసుకుని, వాళ్ళ గుమ్మం ముందు నేల మీద గీత గీశాను.